‘లాస్ట్ టు ఫాలో-అప్’ అని రాసేముందు

చిరంజీవి చిన్నాకు అమ్మ ఆశీస్సులు.

ఆదివారం ఫోన్లో నువ్వు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు, అందుకే ఈ ఉత్తరం. గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే మీ స్టెంట్‌ని పేషెంట్లలో పరీక్షించే ట్రయల్‌లో రెండేళ్ల ఫాలో-అప్‌కి కొందరు ఫోన్ ఎత్తడం లేదన్నావు. వాళ్ల పేర్ల పక్కన ‘లాస్ట్ టు ఫాలో-అప్’, అంటే ఆచూకీ దొరకలేదు, అని రాసేస్తే సరిపోతుంది కదా అన్నావు. కాగితం వరకు సరిపోవచ్చు. కానీ ఇన్నేళ్లు స్టెంట్లు వేసే క్యాథ్ ల్యాబ్‌లో నర్సుగా చేసినదాన్ని, నాకు మాత్రం మనసొప్పదు. మీ స్టెంట్ గురించి మీరు తెలుసుకోవాల్సింది ఆ ఫోన్ ఎత్తనివాళ్ల దగ్గరే ఉండొచ్చు.

అబ్సార్బ్ సంగతి నీకు తెలిసే ఉంటుంది. కొన్నాళ్లు రక్తనాళాన్ని తెరిచి ఉంచి, సుమారు మూడేళ్లలో తనంతట తానే కరిగిపోయే స్టెంట్. ఒంట్లో లోహం మిగలదు అంటే ఎవరికి ఆశ ఉండదు? అమెరికాలో మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016 జులైలో అనుమతిచ్చింది. దానికి ఆధారమైన ట్రయల్‌లో 2,008 మంది ఉన్నారు. గుండె జబ్బుతో మరణం, ఆ నాళం వల్ల వచ్చే హార్ట్ ఎటాక్, అదే చోట మళ్లీ చికిత్స, ఈ మూడూ కలిపి లెక్కేస్తే ఏడాదికి అబ్సార్బ్ వేసినవాళ్లలో 7.8 శాతం, లోహపు స్టెంట్ వాళ్లలో 6.1 శాతం. కాస్త ఎక్కువే అయినా ఇంత తేడా వరకు ఫర్వాలేదని ముందుగా పెట్టుకున్న హద్దు దాటలేదు.

రెండో ఏడు గడిచాక బొమ్మ మారింది. గుండెకు సంబంధించిన పెద్ద సమస్యలు ఇటు 11 శాతం, అటు 7.9 శాతం. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టడం 1.9, 0.8. ఎఫ్‌డీఏ 2017 మార్చిలో డాక్టర్లకు హెచ్చరిక లేఖ రాసింది. ఆ సెప్టెంబర్‌లో కంపెనీ అమ్మకాలు ఆపేసింది. అనుమతి చేతికొచ్చాక కూడా ఆ ట్రయల్ వాళ్లు పేషెంట్లను వదలకుండా వెంట ఉన్నారు కాబట్టే ఇది బయటపడింది. నాకు వాళ్ల మీద చాలా గౌరవం.

ఇప్పుడు లెక్క చూడు. గడ్డకట్టడంలో తేడా 1.1 శాతం, అంటే వెయ్యి మందిలో 11 మంది. అదే వెయ్యి మందిలో నువ్వు 50 మందిని ‘లాస్ట్’ అని వదిలేశావనుకో. ఆ 11 మందీ ఆ 50లోనే ఉంటే మీ రిపోర్టులో తేడా కనిపించదు. వాళ్లలో కొందరైనా అక్కడ ఉండే అవకాశం తక్కువేం కాదు నాన్నా. ఊరు మారినవాడు, నంబర్ మార్చినవాడు ఫోన్ ఎత్తడు, నిజమే. అర్ధరాత్రి ఛాతీ నొప్పి వచ్చి ఆస్పత్రికి చేరేలోపే పోయినవాడు కూడా ఎత్తడు. పల్లెల్లో అలాంటి చావుకి ఈసీజీ ఉండదు, పోస్ట్‌మార్టం ఉండదు. ‘నిద్రలోనే పోయాడమ్మా’ అంటారు ఇంట్లోవాళ్లు. ఏఆర్‌సీ అనే నిపుణుల బృందం 2007లో ఇచ్చిన నిర్వచనాల ప్రకారం స్టెంట్ వేసిన 30 రోజుల లోపు కారణం తెలియని చావుని ‘ప్రాబబుల్’ (బహుశా) స్టెంట్ త్రాంబోసిస్, అంటే స్టెంట్‌లో గడ్డకట్టడం, అనీ, ఆ తర్వాతదాన్ని ‘పాసిబుల్’ (కావచ్చు) అనీ లెక్కించాలి. చనిపోయారన్న సంగతే మీకు తెలియకపోతే ఆ గడిలో ఏం రాస్తారు?

వాల్వ్‌ల విషయంలో ఇంతకంటే పెద్ద అనుభవం ఉంది. బయార్క్-షైలీ కాన్వెక్సో-కాన్కేవ్ అనే కృత్రిమ గుండె వాల్వ్‌కి 1979లో అమెరికాలో అనుమతి వచ్చింది. 1986లో మార్కెట్ నుంచి తీసేసేసరికి ప్రపంచం మొత్తం మీద సుమారు 86 వేల మందికి అమర్చారు. కొందరిలో లోపలి లోహపు కమ్మీ విరిగి, వాల్వ్‌ని తెరిచి మూసే డిస్క్ జారిపోయింది. అది ఎవరెవరి గుండెలో ఉందో వెతికి పట్టుకోవడం మరో పెద్ద కష్టమైంది. 1990లో అమెరికా తెచ్చిన చట్టంలో ఇలాంటి పరికరాలు ఎవరికి వేశారో ఆనవాలు ఉంచుకోవాలన్న నియమం పెట్టారు.

మీ ల్యాబ్‌లో మెషీన్ మీద పదేళ్ల గుండె కొట్టుకోవడాన్ని, సుమారు 40 కోట్ల సార్లు, కొన్ని నెలల్లోనే ఆడించి చూడొచ్చు. మనిషి రక్తనాళాన్ని అలా తొందరపెట్టలేం. రెండేళ్ల తర్వాత దాని లోపలి గోడ ఎలా ఉంటుందో తెలియాలంటే రెండేళ్లు ఆగాలి, ఆ మనిషిని కలవాలి.

మన దేశంలోనూ రూల్స్ గట్టిగానే ఉన్నాయి. మెడికల్ డివైసెస్ రూల్స్ 2018 జనవరి నుంచి అమల్లో ఉన్నాయి, స్టెంట్‌ది అన్నిటికంటే రిస్క్ ఎక్కువున్న డి క్లాసు. కొత్తరకం పరికరమైతే మొదటి రెండేళ్లు ఆరు నెలలకోసారి, తర్వాత రెండేళ్లు ఏడాదికోసారి సేఫ్టీ రిపోర్టు ఇవ్వాలి. ఆ రిపోర్టుకి ప్రాణం మాత్రం నువ్వు చేసే ఫోన్లే.

అందుకని నా సలహా. పేషెంటు సంతకం పెట్టే రోజే, వాళ్లు ఒప్పుకుంటే, ఒక్క నంబర్‌తో ఆగకుండా కూతురిదో అల్లుడిదో ఇంకోటి, పక్కింటివాళ్లది ఒకటి, ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరుది ఒకటి రాసుకోండి. పనికోసం ఏ నెలల్లో ఎక్కడికి వలస వెళ్తారో అడగండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే రెండు రకాల మాత్రల్లో ఏదైనా మానేశారా అని ప్రతి ఫోన్‌లోనూ అడుగు, డబ్బుల్లేక మానేసినవాళ్లు అడిగితేనే చెప్తారు. ఇవన్నీ ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్న ప్రోటోకాల్‌లో ఉండాలి కాబట్టి, లేకపోతే మార్పు కోసం మీ సార్‌తో ఇప్పుడే మాట్లాడు.

దసరాకి వచ్చేటప్పుడు మీ ఫాలో-అప్ ఫామ్ ఖాళీది, మీ సార్ సరేనంటే, ఒకటి తీసుకురా. తెలుగులో ప్రశ్నలు ఎలా ఉన్నాయో నేను చదివి చెప్తాను.

అమ్మ