పాముల మందు చల్లడం మానేశాం

మా పెస్ట్ కంట్రోల్ పనివారిని నమ్మి ఇంట్లోకి రానిస్తున్న మీ అందరికీ నమస్కారం. వానలు మొదలైనప్పటి నుంచి శామీర్‌పేట చుట్టుపక్కల కాలనీల వారు పాముల మందు చల్లమని అడుగుతున్నారు. ఆ పని ఇక మేము చేయము. కారణం మా తప్పే కాబట్టి దాచకుండా చెబుతున్నాను.

నిరుటి దాకా ప్రహరీ వెంట ఫినాయిల్, కార్బాలిక్ ఆమ్లం చల్లి మీ దగ్గర డబ్బు తీసుకున్నాం. వాటిని నమ్ముకుంటే పాము ఆగదు, ఒక గట్టి వాన పడితే వాసన కూడా మిగలదు, పైగా కార్బాలిక్ ఆమ్లం ఆడుకునే పిల్లల చర్మాన్ని కాలుస్తుంది. మేము మందు చల్లిన పదిహేను రోజులకే ఒక ఇంట్లో వాషింగ్ మెషిన్ వెనుక పాము కనబడింది. వెళ్లిన మా కుర్రవాడు ఒంటి మీది తెల్లని పట్టీలు చూసి, విషం లేని పామే అనుకుని, చీపురుతో బకెట్‌లోకి తోయబోయాడు. ముందుగా ఫొటో పంపాడు కనుక బతికాడు. మెడ దగ్గర పట్టీలు సరిగా కనబడక, తోక వైపు పోయేకొద్దీ సన్నగా, జంటలు జంటలుగా తేటపడుతున్నాయి. అది కట్లపాము. దానిలాగే ఉండే విషం లేని పాముకు పట్టీలు మెడ దగ్గర తేటగా ఉండి తోక వైపు చెరిగిపోతాయి. ఈ తేడాను భయంలో, మసక వెలుతురులో పోల్చుకోమని ఎవరినీ అడగకూడదని ఆ రోజు నాకు అర్థమైంది.

అందుకే పాము కనబడితే పిల్లలను, పెంపుడు జంతువులను బయటికి పంపి, ఆ గది తలుపు వేసి, కింది సందులో తడిగుడ్డ కుక్కి, అటవీ శాఖకు గాని శిక్షణ పొందిన పాములు పట్టేవారికి గాని ఫోన్ చేయండి. చంపకండి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పాములకూ వర్తిస్తుంది.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. కాటుకు నొప్పి, వాపు దాదాపు ఉండవు కాబట్టి దోమ కుట్టిందనుకుని మళ్లీ పడుకునేవారున్నారు. తెల్లవారేసరికి కడుపునొప్పి వస్తుంది, కనురెప్పలు వాలిపోతాయి, ఊపిరి అందదు. నేల మీద పడుకునేవారు దోమతెర అంచులను పరుపు కిందికి దోపుకోండి. కాటు అనుమానమున్నా కట్టు కట్టకుండా, కోయకుండా 108కు ఫోన్ చేయండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు ఒకటే గనుక పామును వెంట తీసుకుపోనక్కరలేదు.

ఇకపై మురుగు గొట్టాలకు సన్నకన్నుల జాలీ బిగించడం, తలుపుల కింది సందులు, గోడల్లోని కన్నాలు మూయడం, ఎలుకలను అదుపు చేయడం మాత్రమే చేస్తాం, ఎందుకంటే ఎలుక దూరిన కన్నంలోనే పామూ దూరుతుంది. ప్రహరీకి ఆనించి పేర్చిన ఇటుకలను మీరు ముందే తీయించి ఉంచితే మా పని తేలికవుతుంది. నిరుడు పాముల మందుకు డబ్బు కట్టినవారు రసీదు లేకపోయినా చెప్పండి, మా పుస్తకంలో చూసి మొత్తం తిరిగి ఇస్తాం.