టెర్రాఫామ్‌లో డేటా రకాల తగాదా: గ్రూపు సభ్యులకు

అందరికీ నమస్కారం. టెర్రాఫామ్ (సర్వర్లు, నెట్‌వర్కుల వంటివాటిని కోడ్ రాసి ఏర్పాటు చేసే సాధనం) గురించి ఈ వారం గ్రూపులోకి వచ్చిన ఎర్రర్లలో చాలావరకు ఒకే జాతివి: కోడ్ అడిగే రకం ఒకటి, మనం ఇచ్చేది మరొకటి.

ఒకే రకం వనరులను పలుమార్లు సృష్టించే ఫర్-ఈచ్ (for_each)కు మ్యాప్ (కీ-విలువల జతలు) గానీ స్ట్రింగుల (అక్షర రూపంలోని విలువల) సెట్ గానీ కావాలి. లిస్టు ఇస్తే ఒప్పుకోదు, టుసెట్ (toset) ఫంక్షన్‌తో మార్చి ఇవ్వండి. అయితే వరుసక్రమం పోతుంది. సబ్‌నెట్ల (నెట్‌వర్కులోని చిన్న భాగాల) వరుస ముఖ్యమైతే, ఆ వరుసను సూచించే కీలతో మ్యాప్ మేలు.

ఎర్రర్ చూపేవి నయం. చడీచప్పుడు లేకుండా మారిపోయేవాటితోనే అసలు చిక్కు. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్ సేవ) ఖాతా సంఖ్యలో 12 అంకెలుంటాయి, అది సున్నాతోనూ మొదలు కావచ్చు. కోట్స్ లేకుండా రాస్తే టెర్రాఫామ్ దాన్ని నంబరుగా చదివి ముందున్న సున్నాను మింగేస్తుంది. వేరియబుల్‌ను స్ట్రింగ్‌గా ప్రకటించినా ఆ సున్నా తిరిగి రాదు. కూడికలు, తీసివేతలు అక్కర్లేని ఏ సంఖ్యనైనా కోట్స్‌లోనే పెట్టండి.

టైప్ రాయని వేరియబుల్‌కు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (కోడ్ బయట, సిస్టమ్‌లో పెట్టే విలువ) ద్వారా లిస్టు పంపితే అది స్ట్రింగ్‌గానే అందుతుంది. కాబట్టి టైప్ తప్పక రాయండి. ‘ఎనీ’ (ఏ రకమైనా సరే) అని రాయడం, రకం తనిఖీ విషయంలో నా దృష్టిలో, రాయకపోవడమే.

సందేహముంటే టెర్రాఫామ్ కన్సోల్‌లో (విలువలను అప్పటికప్పుడు పరీక్షించే చోట) టైప్ ఫంక్షన్‌తో చూడవచ్చు. ఇంకో మాట: ఎర్రర్ ఫొటో కాదు, దాని టెక్స్ట్ కాపీ చేసి పంపండి. రాయదుర్గం మెట్రోలో నిలబడి స్క్రీన్‌షాట్లు పెద్దవి చేసుకుని చదవడం నావల్ల కాదు.