ఎర్ర చంద్రుడిలో మన గాలి

సంపాదకులకు నమస్కారం.

గ్రహణం వస్తే పత్రికల్లో పట్టు, విడుపు వేళలు వివరంగా వస్తాయి. ఎరుపు సంగతి మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. 2025 సెప్టెంబరు 7 రాత్రి 11 గంటల నుంచి 82 నిమిషాలు చంద్రుడి మీద పడింది భూమి చుట్టూ ఉన్న గాలిలోంచి వంగి వచ్చిన ఎండ. అందులో నీలం దారిలోనే చెదిరిపోయింది. పరాయి నక్షత్రం ముందు నుంచి గ్రహం సాగిపోతుంటే దాని వాతావరణాన్ని వెతికేదీ ఇలా గాలి వడగట్టిన కాంతిలోనే.

2008 ఆగస్టు 16 గ్రహణాన్ని స్పెయిన్‌కు చెందిన లా పాల్మా దీవి టెలిస్కోపులతో చూస్తే ఆ కాంతిలో ఆక్సిజన్, ఓజోన్, నీటి ఆవిరి గుర్తులు దొరికాయి. చిక్కల్లా ఒకటే. చంద్రుడి నుంచి తిరిగొచ్చే కాంతి టెలిస్కోపు నెత్తిమీది గాలిని కూడా దాటాలి, దాంతో ఆక్సిజన్ రెండోసారి లెక్కలో పడుతుంది. అందుకే నీడ సోకని చంద్రకాంతి వర్ణపటాన్ని (రంగులుగా విడదీసిన కాంతిని) కూడా తీసి, దానితో భాగిస్తారు. ఆ రెండూ తీసేటప్పుడు చంద్రుడి ఎత్తు బాగా మారితే లెక్క చెడుతుంది. 2019 జనవరి గ్రహణంలో హబుల్ టెలిస్కోపు అంతరిక్షం నుంచే ఓజోన్‌ను పట్టింది, దానికి ఈ బాధ లేదు.

మామూలు బైనాక్యులర్‌తోనూ ఓజోన్ పనితనం చూడొచ్చు: సంపూర్ణ గ్రహణానికి కాస్త ముందు, వెనుక నీడ అంచున సన్నని నీలి చార. ఫోన్ కెమెరా ఆటోలో ఉంటే వెలుగు భాగం తెల్లగా మాడి, ఆ చార మాయమవుతుంది. వేళల పట్టిక కింద ఈ మాటా అచ్చేయండి.

– ఒక పాఠకుడు