పదిహేను గజాల గీత దగ్గర ఏం చూశారో చెప్పండి: బిగ్ టెన్ కమిషనర్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన బిగ్ టెన్ కమిషనర్ టోనీ పెటిటీ గారికి,

నమస్కారం. మీరు ఈ పదవిలోకి వచ్చింది 2023లో. నేను మిషిగన్ అభిమానిని. అడగబోయేది 2016 నవంబర్ 26న కొలంబస్‌లో జరిగిన మిషిగన్ - ఒహాయో స్టేట్ యూనివర్సిటీల అమెరికన్ ఫుట్‌బాల్ ఆట గురించి, అందులో బంతి గీత దగ్గరికి చేరిందని రిఫరీలు తేల్చిన ఒక నిర్ణయం గురించి. ఆ రోజు నిర్ణయంతో మీకు సంబంధం లేదని తెలుసు. అయినా రిఫరీలను పంపేదీ, కోచ్ నోరు జారితే జరిమానా వేసేదీ మీ ఆఫీసే కాబట్టి మీకే రాస్తున్నాను. తెలుగులో ఎందుకంటారా? మీ బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో, అంటే మీ యూనివర్సిటీ జట్ల కూటమిలో, ఇప్పుడు 18 యూనివర్సిటీలున్నాయి. వాటిలో చాలా చోట్ల మా పిల్లలు చదువుతున్నారు, శనివారం వస్తే స్టేడియంలో గొంతు చించుకుంటున్నారు. ఈ గొడవ వాళ్ళది కూడా.

ఈ ఆట తెలియని మనవాళ్ళ కోసం రెండు ముక్కలు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్ళాలి. వెళితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, లేకపోతే బంతి చేజారినట్టే. బంతిని చివరి గీత (గోల్ లైన్) దాటిస్తే టచ్‌డౌన్, స్తంభాల మధ్య నుంచి తన్నితే ఫీల్డ్ గోల్, దానికి మూడు పాయింట్లే. కాలేజీ ఆటలో ఓవర్‌టైమ్ వస్తే రెండు జట్లకీ చెరోసారి 25 గజాల గీత దగ్గర, అంటే గోల్ లైన్‌కి 25 గజాల దూరంలో, బంతి ఇస్తారు. అంటే ముందు దాటాల్సింది 15 గజాల గీత.

ఆ రోజు ఒహాయో స్టేట్ రెండో ర్యాంకు, మిషిగన్ మూడో ర్యాంకు. స్టేడియంలో 1,10,045 మంది. ఆట చివరి క్షణాల్లో ఫీల్డ్ గోల్‌తో స్కోరు 17-17 అయింది. మొదటి ఓవర్‌టైమ్‌లో ఇద్దరూ టచ్‌డౌన్ చేశారు. రెండోదాంట్లో మాకు ఫీల్డ్ గోల్ మాత్రమే దొరికింది, 27-24. తర్వాత వాళ్ళ వంతు. మూడు ప్రయత్నాలయ్యాక ఇంకా గజం కావాలి. ఫీల్డ్ గోల్ కొడితే స్కోరు సమం అవుతుంది, ఆట ఇంకో ఓవర్‌టైమ్‌కి వెళుతుంది. వాళ్ళ కోచ్ అర్బన్ మేయర్ అలా చేయలేదు, నాలుగో ప్రయత్నానికే వెళ్ళాడు. ఆ ధైర్యాన్ని మెచ్చుకోవాల్సిందే. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపే ఆటగాడు) జే.టి. బారెట్ బంతి తనే పట్టుకుని ఎడమవైపు దూసుకెళ్ళాడు. సొంత జట్టువాడికే తగిలాడు, మావాడు వచ్చి గుద్దాడు, అందరూ కుప్పగా పడ్డారు. బంతి సరిగ్గా గీత దగ్గర ఉందని రిఫరీలు తేల్చారు. రీప్లే చూసి, మైదానంలో ఇచ్చిన నిర్ణయమే ఉంటుందన్నారు. ఆ వెంటనే కర్టిస్ శామ్యూల్ 15 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 30-27. జనం మైదానంలోకి దిగిపోయారు.

మా వాళ్ళకి ఆట అక్కడే ఆగిపోయింది. మిషిగన్‌లో కాంటన్, నోవై వైపు ఏ తెలుగు ఇంట్లో ఈ మాట ఎత్తినా ఎవరో ఒకరు ఫోన్ తీసి అదే వీడియో చూపిస్తారు. ఎక్కడ ఆపి చూడాలో అందరికీ తెలుసు. మా బావ ఒహాయో స్టేట్‌లో చదివాడు. ఈ ఆట ఏటా థ్యాంక్స్ గివింగ్ తర్వాతి శనివారం ఉంటుంది కాబట్టి ఆ వారం తప్పకుండా ఫోన్ చేస్తాడు. "మూడుసార్లు బంతి మీరే పారేసుకుని, తర్వాత రిఫరీని తిడితే ఎలా రా?" అంటాడు. అందులో నిజం లేకపోలేదు. మా క్వార్టర్‌బ్యాక్ విసిరిన ఒక బంతిని వాళ్ళ మాలిక్ హుకర్ అందుకుని నేరుగా టచ్‌డౌన్ చేశాడు. ఇంకోసారి గోల్ లైన్ ముందే బంతి జారిపోయింది. మూడోసారి పోయిన బంతి కూడా చివరికి వాళ్ళ టచ్‌డౌన్‌కే దారితీసింది. వాళ్ళ కిక్కర్ రెండు ఫీల్డ్ గోల్స్ తప్పకపోతే అసలు ఓవర్‌టైమే ఉండేది కాదు. కాబట్టి రిఫరీ వల్లే ఓడిపోయామని నేను అనను.

కానీ ఆ బంతి గీత దాటిందా లేదా? బావ దాటిందంటాడు, నేను దాటలేదంటాను. ఇద్దరం చూసేది అదే వీడియో. టీవీలో కనిపించే పసుపు గీత కంప్యూటర్ వేసింది, దానికి అధికారం లేదు. కెమెరా ఆ గీతకి తిన్నగా లేకపోతే కోణాన్ని బట్టి బంతి ఇటైనా కనిపిస్తుంది, అటైనా కనిపిస్తుంది. మనుషుల కుప్ప కింద బంతి ఎక్కడుందో చాలాసార్లు కనపడదు కూడా. తిరుగులేని సాక్ష్యం లేకపోతే మైదానంలో ఇచ్చిన నిర్ణయాన్ని మార్చకూడదన్నది రూలు. బాగానే ఉంది. అయితే రీప్లే గదిలో కూర్చున్నవాళ్ళు ఏ కోణాలు చూశారు? బంతి వాళ్ళకి ఎక్కడ కనిపించింది? అసలు కనిపించిందా? ఆ రోజు స్టేడియంలో ఉన్నవాళ్ళకి మైకులో ఒక వాక్యం దక్కింది, అంతే.

అప్పటి మా కోచ్ జిమ్ హార్బా ప్రెస్ మీట్‌లో రిఫరీల మీద మండిపడ్డాడు. గీతకి ఎంత దూరంలో బారెట్ ఆగిపోయాడో రెండు చేతులూ పెట్టి చూపించాడు. రెండు రోజులకే మీ ఆఫీసు యూనివర్సిటీకి 10,000 డాలర్ల జరిమానా వేసి, కోచ్‌ను బహిరంగంగా మందలించింది. మైదానంలో హెడ్‌సెట్ విసిరికొట్టినందుకు అప్పటికే పెనాల్టీ పడింది, అది న్యాయమే. ప్రశ్న అడిగినందుకు కూడా జరిమానా ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ గజం ఖరీదు చిన్నది కాదు. అక్కడ ఆపి ఉంటే మిషిగన్ అప్పటి తూర్పు డివిజన్ గెలిచి ఇండియానాపోలిస్‌లో బిగ్ టెన్ టైటిల్ ఆట ఆడేది. ఆ చోటు పెన్ స్టేట్‌కి దక్కింది, వాళ్ళు విస్కాన్సిన్‌ని ఓడించి ట్రోఫీ పట్టుకెళ్ళారు. అక్టోబర్‌కి ముందే మా చేతిలో 49-10తో ఓడిన జట్టు అది! వాళ్ళు ఏటా వచ్చి ఆ గీతకి దండ వేసినా తప్పులేదు. ఒహాయో స్టేట్ జాతీయ టైటిల్ ప్లేఆఫ్‌కి వెళ్ళి క్లెమ్సన్ చేతిలో 31-0తో ఓడింది. మేం సీజన్ చివరి ఆట ఆరెంజ్ బౌల్‌లో ఒక్క పాయింట్ తేడాతో పోయాం.

2021 నుంచి 2024 దాకా వరుసగా నాలుగేళ్ళు ఒహాయో స్టేట్‌ని ఓడించాం, మధ్యలో జాతీయ టైటిలూ వచ్చింది. పగ తీరిపోయింది కదా అంటారు మిత్రులు. నేను అడిగేది పగ సంగతి కాదు.

1940లో కార్నెల్ జట్టు రిఫరీ లెక్క తప్పడం వల్ల దొరికిన అయిదో ప్రయత్నంలో డార్ట్‌మత్ మీద గెలిచింది. తర్వాత ఫిల్మ్ చూశారు. తప్పయిందని రిఫరీయే ఒప్పుకున్నాడు, కార్నెల్ టెలిగ్రామ్ పంపి గెలుపు వదులుకుంది. ఇవాళ ఎవరూ అలా వదులుకోరు, నేనూ అడగను. 2015లో డ్యూక్ - మయామీ ఆట చివరి కిక్‌లో తప్పులు జరిగితే మర్నాడే వాళ్ళ కాన్ఫరెన్స్ ఏసీసీ ఏ తప్పు ఎక్కడ జరిగిందో చెప్పి రిఫరీలను సస్పెండ్ చేసింది. ఫలితం మారలేదు. కానీ డ్యూక్ వాళ్ళకి కనీసం జవాబు దొరికింది.

మా క్రికెట్‌లో థర్డ్ అంపైర్ ఏ కోణం అడుగుతున్నాడో, బ్యాట్‌కి తగిలిందనుకుంటున్నాడో లేదో ఇంట్లో కూర్చున్నవాడికి కూడా వినిపిస్తుంది. తిట్టేవాళ్ళు అప్పుడూ తిడతారు. కానీ దేన్ని తిడుతున్నారో తెలుసుకుని తిడతారు. ఏసీసీ 2025లో కొన్ని ఆటలకి రీప్లే గది మాటలు టీవీలో వినిపించడం మొదలుపెట్టింది. కాలేజీ ఫుట్‌బాల్‌లో రీప్లేని 2004లో అందరికంటే ముందు ప్రయత్నించింది మీ బిగ్ టెన్. మైకు పెట్టడానికి మాత్రం ఎందుకు వెనకాడాలి?

ఇంకో మాట. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ 2025 నుంచి పది గజాలు కొలిచే గొలుసులకు బదులు హాక్-ఐ కెమెరాలతో కొలుస్తోంది. కానీ బంతిని పచ్చిక మీద పెట్టేది ఇప్పటికీ మనిషే. పెట్టిన చోటు తప్పయితే మిల్లీమీటర్ల దాకా కొలిచి ఏం లాభం? ఓవర్‌టైమ్‌లో మాత్రం మీకొక సౌకర్యం ఉంది. ముందు దాటాల్సిన గీత ఎక్కడుంటుందో ఆటకి ముందే తెలుసు. ఆ 15 గజాల గీతకి తిన్నగా రెండు వైపులా స్థిరమైన కెమెరాలు పెట్టడం మీ టీవీ ఒప్పందాల ముందు ఎంత ఖర్చు?

2023లో హార్బాని మూడు ఆటల పాటు పక్కన పెట్టినప్పుడు మీరు కారణాలు రాసి పేజీల కొద్దీ లేఖ విడుదల చేశారు. ఆ నిర్ణయం మీద మా వాళ్ళకి కోపం ఉంది, అది వేరే సంగతి. కానీ కోచ్ మీద చర్య తీసుకున్నప్పుడు కారణాలు రాయగలిగిన ఆఫీసు, రిఫరీ నిర్ణయానికీ రాయగలదు. వివాదమైన ప్రతి రీప్లేకీ, చూసిన కోణాలతో సహా ఒక పేజీ వివరణ మర్నాటికల్లా పెట్టండి. అది పెట్టేదాకా, బంతి ఎక్కడుందని అడిగిన కోచ్‌కి జరిమానా వేయకండి.

ఇట్లు,
ఆన్ ఆర్బర్‌లో చదువుకున్న ఒక తెలుగు అభిమాని