తేడా నా నాలుకలో లేదు, సీసాలో ఉంది

రీడింగ్,
28 జూలై 2025

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: జూలై 11న మా ఇంటికి వచ్చిన పన్నెండు వైన్ సీసాల పెట్టె, దాని గురించి మీరిచ్చిన జవాబు.

ముందు భాష సంగతి చెప్తాను. మీ కంపెనీ ఇంగ్లండ్‌ది, నేనుండేదీ ఇంగ్లండ్‌లోనే. ఇంగ్లీషులో రాస్తే మీ దగ్గర్నుంచి వచ్చింది అందరికీ పంపే నాలుగు వాక్యాలు. సరే అని ఫోన్ చేస్తే, ఎత్తిన అమ్మాయి హైదరాబాద్ నుంచి మాట్లాడుతోంది. నా పేరు చూసి తెలుగులోకి మారింది. అంతా ఓపిగ్గా విని, "ఇదే తెలుగులో రాసి పంపండి సార్, పైవాళ్ళకి అర్థమయ్యేలా నేను చెప్తాను" అంది. ఆ అమ్మాయి మీద నాకే ఫిర్యాదూ లేదు.

నేను కొన్నది 132 పౌండ్ల పెట్టె. తొమ్మిది రెడ్లు, మూడు వైట్లు. రెడ్లలో రియోహా రెసెర్వా, కోట్ దు రోన్, మెండోజా మాల్బెక్, ఫ్లరీ రెండేసి, కియాంతి ఒకటి. వైట్లలో పిక్‌పూల్ రెండు, సోవిన్యాన్ బ్లాంక్ ఒకటి. 19వ తేదీ శనివారం స్నేహితుల కుటుంబాల్ని భోజనానికి పిలిచి, తలా కొంచెం అన్నీ రుచి చూద్దామనుకున్నాం.

పెట్టె వచ్చింది 11న, శుక్రవారం. ఆ రోజు ఇక్కడ ఎండ 30 డిగ్రీలు దాటింది. విజయవాడలో పుట్టినవాడికి అదీ ఒక ఎండేనా అనుకోకండి, నాకు కాకపోయినా వైన్‌కి అది ఎండే. ఇంట్లో ఎవరూ లేకపోతే పక్కింట్లో ఇవ్వమని ఆర్డర్‌లోనే రాశాను. డెలివరీ అతను పెట్టెని చెత్తడబ్బాల పక్కన పెట్టి, ఫోటో తీసి వెళ్ళిపోయాడు. ఆ ఫోటోలో నీడన్నది ఎక్కడా లేదు. సాయంత్రం ఆరింటికి నేను వచ్చి ముట్టుకుంటే అట్ట ఇంకా వెచ్చగానే ఉంది. తీసుకునేవారి వయసు చూసి ఇవ్వాలని పెట్టె మీద మీరే పెద్ద అక్షరాల్లో అచ్చు వేశారు. చెత్తడబ్బా వయసు చూశాడేమో మరి.

ఫ్లరీ సంగతి అక్కడే తేలిపోయింది. ఫ్రాన్స్‌లోని బోజొలే ప్రాంతంలో గమే అనే రకం ద్రాక్షతో చేసే తేలికపాటి రెడ్ అది. కొంచెం చల్లబరిచి తాగితే తాజా పళ్ళ వాసన రావాలి. రెండు సీసాలకీ కార్కు పైకి పొడుచుకొచ్చి ఉంది, పై రేకు కింద జిగురు. గ్లాసులో పోస్తే ఉడకబెట్టిన నేరేడుపళ్ళ రుచి, చివర్లో పొద్దెక్కిన కల్లు లాంటి పులుపు. ఆ ఒక్క మధ్యాహ్నపు ఎండకే ఇలా అయిందో, మీ గోదాములోనే అయి వచ్చిందో మీరే చూసుకోవాలి. ఈ దేశంలో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, సరుకు కొన్నవాడి చేతికి అందేదాకా దాని మంచిచెడ్డలు అమ్మినవాడివే. మా చెత్తడబ్బా నా చెయ్యి కాదు.

అసలు గొడవ కోట్ దు రోన్‌తో వచ్చింది. మొదటి సీసా తీసి గ్లాసు అందిస్తే, మా ఆవిడ వాసన చూసి పక్కన పెట్టేసింది. "వానలో తడిసిన అట్టపెట్టెలా ఉంది" అంది. తనకి వైన్ అంతగా అలవాటు లేదు. కానీ బియ్యం ముక్కిపోయాయో లేదో సంచి మూతి విప్పగానే చెప్పేస్తుంది, ఆ ముక్కు మీద నాకు నమ్మకం. రెండో సీసా తీశాను. అదే పేరు, లేబుల్ మీద పంట ఏడాదీ అదే, 2022. ఇది హాయిగా ఉంది, మిరియపు ఘాటు, మాగిన ఎర్రపళ్ళు. రెండు గ్లాసుల్లో రెండూ పోసి, ఏది ఏదో చెప్పకుండా అందరి ముందూ పెట్టాను. అక్కడున్న ఎనిమిది మంది పెద్దవాళ్ళూ ఒకే గ్లాసు దగ్గర మొహం చిట్లించారు.

ఇదంతా 20న మీకు రాశాను. 23న మీ జవాబు: "రెడ్ వైన్ అలవాటు లేనివారికి ఇటువంటి రుచులు మొదట్లో కొత్తగా అనిపించవచ్చు. గంటసేపు గాలి తగలనిస్తే టానిన్ మెత్తబడుతుంది."

టానిన్ నాకు కొత్త కాదండీ. మేం దాన్ని వగరు అంటాం. ఆరు రుచుల్లో ఒకటిగా లెక్కపెట్టి, ఏటా ఉగాది పచ్చడిలో మామిడి పిందె వేసి మరీ తింటాం. కరక్కాయ, వక్క, పచ్చి అరటికాయ ఎరిగిన నాలుకకి వగరు ఎలా పట్టుకుంటుందో ఒకరు చెప్పక్కర్లేదు. మీ మాల్బెక్‌లో అది దండిగా ఉంది, నాకు నచ్చింది కూడా. రోన్ సీసాలో ఉన్నది వగరు కాదు, ముక్కిపోయిన వాసన. వైన్ అమ్మేవాళ్ళందరికీ తెలిసిన జబ్బే ఇది. కార్కు బెరడులో పుట్టే ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం లీటరుకి కొన్ని నానోగ్రాములున్నా ముక్కుకి తెలిసిపోతుంది. ఒంటికి హాని చెయ్యదు, పండు వాసనని మాత్రం చంపేస్తుంది. గాలి తగిలితే పోయేది కాదు. మీరు గంట అన్నారు, నేను కొంచెం జగ్గులో పోసి తెల్లారేదాకా ఉంచాను. పొద్దున్నకి వాసన ఇంకా గట్టిగా కొట్టింది.

కార్కు వాడే ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి సీసా తగులుతుంది, దానికి మిమ్మల్ని తప్పుపట్టను. "అయ్యో, ఇంకోటి పంపిస్తాం" అంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. నా పేరు చూసి, వీడికి రెడ్ వైన్ ఏం తెలుసులే అనుకున్నట్టు రాశారు చూడండి, అది నాకు గుచ్చుకుంది.

రియోహా సీసాలు తియ్యలేదు. మీ వెబ్‌సైట్లో రెసెర్వా అని ఉంది, వచ్చినవి క్రియాన్సా. వెనక అంటించే స్టాంపు క్రియాన్సాకి ఎరుపు, రెసెర్వాకి ముదురు ఎరుపు, తొందరలో చూస్తే తేడా తెలీదు. రెసెర్వా అంటే కనీసం మూడేళ్ళు ఆగిన వైన్, క్రియాన్సాకి రెండేళ్ళు చాలు. "సమానమైన సరుకు" అని చీటీ పెట్టి, ధర మాత్రం రెసెర్వాదే తీసుకున్నారు.

బాగున్నవీ చెప్పాలి కదా. పిక్‌పూల్ చేపల వేపుడుతో ఎంత కుదిరిందంటే, మొదటి సీసా పది నిమిషాల్లో ఖాళీ. కియాంతి పులుపు టమాటా పప్పుకి సరిగ్గా జోడయింది. మాల్బెక్ ఏ కర్రీతోనైనా బాగుంటుందని మీ కరపత్రంలో ఉంది గానీ, మా ఇంట్లో కర్రీ అనే కూర లేదు. గోంగూర మటన్‌తో పోస్తే కారం, వగరు, ఆల్కహాల్ మూడూ కలిసి నోరు మండి, మా బావమరిది మజ్జిగ అడిగాడు. దీనికి డబ్బు వెనక్కి అడగను, కరపత్రం మార్చుకోండి.

నేను అడిగేది ఇంతే. ఫ్లరీ రెండు, పాడైన రోన్ ఒకటి, మొత్తం మూడు సీసాల డబ్బు వెనక్కివ్వండి. రియోహా రెండూ తీసుకెళ్ళి రెసెర్వా పంపండి, లేదా వాటి డబ్బూ ఇవ్వండి. పెట్టె అందిన 30 రోజుల్లోపే అడుగుతున్నాను కాబట్టి చట్టం ప్రకారం కాదనడానికి లేదు. అక్టోబరులో ఇంకో పెట్టె దానంతటదే వస్తుందని కరపత్రం అడుగున చిన్న అక్షరాల్లో చూశాను. నేను ఒప్పుకోలేదు, రద్దు చేసి మెయిల్ పంపండి.

పాడైన మూడు సీసాల్లోనూ సగానికి పైగా వైన్ ఉంది, మూత బిగించి పెట్టాను. తీసుకెళ్ళేవాళ్ళని శనివారం పది తర్వాత పంపండి, ఇంట్లోనే ఉంటాను. ఈసారి తలుపు కొట్టమనండి.

ఇట్లు,
మీ కస్టమర్