అన్నిటికీ విధేనా?

సంపాదకులకు నమస్కారం.

గ్రీకు విషాద నాటకాల మీద ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. బాగుంది గానీ, అంతా విధి అని ఒక్క మాటలో తేల్చేయడం నచ్చలేదు. ఈడిపస్ రాజు సంగతి సరే, తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతాడన్న జోస్యం అక్కడ ఉంది. సోఫోక్లీస్ 'యాంటిగొనీ'లో థీబ్స్ రాజు క్రియాన్‌ని ఏ జోస్యం తోసింది? మేనల్లుడి శవాన్ని పూడ్చొద్దని ఆజ్ఞ వేసింది తనే. అది మీరి తోడబుట్టినవాడికి మట్టి వేసిన మేనకోడలు యాంటిగొనీని గుహలో మూయించిందీ తనే. చనిపోయినవాళ్లకు అంత్యక్రియలు చేయాలన్నది దేవతల ధర్మం, రాజాజ్ఞ దాన్ని కొట్టేయలేదని యాంటిగొనీ మొహం మీదే చెప్పినా, ఊరి జనం ఆమె వైపే ఉన్నారని కన్నకొడుకు హీమన్ చెప్పినా, కుర్రకుంక దగ్గర నేను బుద్ధి నేర్చుకోవాలా అన్న ధోరణే ఆయనది.

నాకు గుచ్చుకునేది చివరి ఘట్టం. గుడ్డి జ్యోతిష్యుడు టైరీషియస్ హెచ్చరించి వెళ్లాక ఎట్టకేలకు దిగొస్తాడు. ముందు గుహలో ఉన్న పిల్లని విడిపించు, తర్వాత సమాధి కట్టు అంటారు పెద్దలు. ఈయన తిరగేసి చేశాడు! శవం పని ముగించి గుహకి వెళ్లేసరికి ఆమె ఉరేసుకుని ఉంది. అక్కడే కొడుకు, ఆ కబురు విని ఇంట్లో భార్య కూడా పోయారు.

యాంటిగొనీది మాత్రం మొండితనం కాదా అని మా ఇంట్లో వాదన. దాని మీదా ఒక వ్యాసం వేయండి.

- ఒక పాఠకుడు