చిన్నోడికి, షార్టేజీ సంగతి

బర్మింగ్‌హామ్

ఒరేయ్ చిన్నోడా,

నాన్నకు మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది. సంతోషం. షార్టేజీ, స్కేర్సిటీ, డెర్త్, వాంట్ అన్నిటికీ డిక్షనరీలో 'కొరత' అనే ఉంది, మరి ఇన్ని మాటలెందుకని అడిగినావు కదా. ఫోన్లో చెబితే సగం వినవు, అందుకే రాస్తున్నా.

2023 ఫిబ్రవరిలో స్పెయిన్, మొరాకోలో వాతావరణం చెడి ఇక్కడికి టమోటా రావడం పడిపోయింది. పెద్ద అంగళ్లలో 'మనిషికి మూడే' అని బోర్డులు పెట్టేసినారు. చేతిలో డబ్బుంది, కొందామంటే కాయ లేదు. ఇదీ షార్టేజీ అంటే. ఒక మంత్రి పార్లమెంటులో, ఆ కాలంలో ఇక్కడ పండే టర్నిప్ దుంపలు తినొచ్చు కదా అన్నట్టు మాట్లాడి జనం నోళ్లలో పడింది కూడా!

అదే ఏడాది జూలైలో మన మదనపల్లె టమోటా యార్డులో ఏమైందో నాకంటే నీకే బాగా తెలుసు. కిలో నూరు దాటిపోయింది. కాయ కళ్ల ముందే ఉంది, కొనడానికే చెయ్యాడదు. దీనికి పాతకాలం ఇంగ్లీషులో పేరు డెర్త్ (dearth). డియర్ (dear) నుంచి పుట్టిన మాట అది. మనం 'ప్రియం' అని ఇష్టానికీ అంటాం, ధర మండితే కూడా అంటాం కదా, వాళ్ల డియర్ కూడా అంతే. ఇప్పుడైతే సరుకుల ధర మండితే డెర్త్ అని అనరు. కొత్త ఆలోచనలు లేవనో, మంచి నాయకులు లేరనో చెప్పడానికే ఎక్కువగా వాడతారు.

స్కేర్సిటీ ఇంకో లారీ వస్తే తీరేది కాదు. ఉన్నది కొంచెం, దాన్ని వాడుకునే దారులు బోలెడు. 1932లో రాబిన్స్ అనే ఆయన ఎకనామిక్స్‌కు నిర్వచనమే దీనిమీద కట్టినాడు. నీ పుస్తకంలో ఉంటుంది చూడు.

నీ పుస్తకంలో ఉంటుందో లేదో తెలీని సంగతి ఇంకోటి. మన జేజి చెప్పే ధాతు కరువు, 1876-78 నాటిది, అయిపోయినాక తెల్లదొరలు కమిషన్ వేసి ఫామిన్ కోడ్‌లు, అంటే కరువొస్తే సర్కారు ఏం చేయాలో చెప్పే నియమాలు, రాయించినారు. వాటిలో స్కేర్సిటీ ఒక మెట్టు, ఫామిన్ దానిపై మెట్టు. పంట పోవడం, జనం ఇబ్బంది పడటం కింది మెట్టు. ధరలు మండిపోయి, తిండి కోసం ఊళ్లు వదిలి, చావులు మొదలైతే పై మెట్టు. ఏ మాట రాస్తే సర్కారు ఆ లెక్కన కదలాలి. అందుకే మాట రాయకుండా తప్పించుకోవడమూ జరిగింది. 1943లో బెంగాల్‌లో లక్షలమంది చచ్చిపోతున్నా ఆ కోడ్ ప్రకారం ఫామిన్ అని ప్రకటించనే లేదు. నన్నడిగితే ఈ మాటల్లో తేడా పరీక్షలో మార్కుకంటే అక్కడ ఎక్కువ తెలుస్తుంది.

వాంట్ అంటే నీకు 'కావాలి' అనే కదా తెలుసు. అసలు అర్థం లేమి. 1942లో బెవరిడ్జ్ అనే ఆయన ఇక్కడి సర్కారుకిచ్చిన రిపోర్టు ఈ దేశం జయించాల్సిన అయిదు రాక్షసుల్లో మొదట చెప్పింది ఈ వాంట్‌నే, అంటే దరిద్రం. నేను పనిచేసే కేర్‌హోమ్‌లో ఒక ముసలామె కూతురి గురించి 'షి వాంట్స్ ఫర్ నథింగ్' అంటుంది. కూతురికి ఆశలే లేవని కాదు, ఏ లోటూ లేదని.

లాక్ (lack) అన్నా లేకపోవడమే, దాని గురించి ఒక్కటే గుర్తుపెట్టుకో. నామవాచకమైతే వెనక 'ఆఫ్' వస్తుంది, క్రియ అయితే రాదు. తప్పులు దిద్దే ప్రశ్నల్లో దీన్నే పట్టుకుంటారు.

అమ్మ డి విటమిన్ మాత్రలు అయిపోయినాయంట, మర్చిపోకుండా తెచ్చిపెట్టు. డబ్బులు ఈ వారమే వేస్తాను. పరీక్ష ఎప్పుడో రాయి.

నీ అక్క